కౌంటరబ్బాయి పుచ్చుపన్ను

పళ్ల ఆసుపత్రి కౌంటరు దగ్గర కూర్చునే మనిషి తగాదాలో గెలవగా ఆయమ్మ చూసింది ఒకే ఒక్కసారి.

ఆ రోజు తగువుకు వచ్చినవాడు లారీల యజమాని. మనిషి బీరువాలా ఉన్నాడు, ఎడమ బుగ్గ బంతిలా ఉబ్బి ఉంది. వరసలో కూర్చున్న ఆడవాళ్లనూ ముసలివాళ్లనూ మోకాళ్లతో తోసుకుంటూ వచ్చి కౌంటరు మీద అరచేత్తో ఒక్కటి చరిచాడు. చీటీల డబ్బా ఎగిరి కింద పడింది.

"ముందు నన్ను పంపు."

"మీ ముందు ఇంకా నలుగురున్నారండీ."

"నలుగురూ లేదు, గిలుగురూ లేదు. పంపుతావా పంపవా?"

"పంపలేనండీ."

"పంపకపోతే ఏం పీకుతావురా?"

నేల తుడుస్తున్న ఆయమ్మ కర్రకు గడ్డం ఆనించి నిలబడింది. ఈ పుల్లమనిషి ఇప్పుడు తోక ముడుస్తాడు, చూద్దాం అనుకుంది. ఆయన వంగి డబ్బా తీసుకున్నాడు. చీటీలు ఒక్కొక్కటే ఏరి అందులో వేశాడు. కళ్లజోడు పైకి తోసుకుని, గోడ మీది బోర్డు చదువుతున్నట్టు అన్నాడు:

"పీకేది నేను కాదండీ, లోపలున్న డాక్టరమ్మ. ఆవిడ కూడా వరస ప్రకారమే పీకుతుంది. మీకు మరీ తొందరగా ఉంటే ఈ నలుగురికీ పీకాల్సినవి కూడా కలిపి మీకే పీకేయమని చెబుతాను. సమ్మతమేనా?"

బెంచీ మీద ఒకావిడ దవడ పట్టుకుని "అయ్యో, నవ్వించకండి బాబూ, ప్రాణం పోతోంది" అని మూలుగుతూనే నవ్వింది. దాంతో అందరూ అందుకున్నారు. లారీల యజమాని తిట్టడానికి నోరు తెరిచాడు. తెరిచేసరికి పన్ను సలిపింది. మూసుకుని, వెళ్లి బెంచీ చివర కూర్చున్నాడు.

పర్లేదే, వీడి నోట్లోనూ పళ్లున్నాయే అనుకుంది ఆయమ్మ.

ఆ మెప్పు పాలపొంగు. లేచినంతసేపు పట్టలేదు చల్లారడానికి. ఎందుకంటే గెలిచిన మనిషి గెలిచినట్టు ఊరుకోకుండా, వెనక బీరువాలోంచి ఇటుకంత పుస్తకం ఒకటి తీసి, వెళ్లి ఆ లారీలవాడి ఒళ్లో పెట్టాడు. అట్ట మీద రెక్కలున్న జంతువేదో మంట కక్కుతోంది.

"మీకు కోపం ఎక్కువలా ఉందండీ. ఇది చదవండి. మొదటి భాగం. ఈ డ్రాగన్‌కి కూడా మీలాగే ఒళ్లంతా మంట. ఎందుకో నాలుగో అధ్యాయంలో తెలుస్తుంది."

తన్నులాటకు వచ్చినవాడు పుస్తకం విప్పాడు. పేరు పిలిచినప్పుడు తల ఎత్తకుండా "ఒక్క పేజీ ఉండండి" అన్నాడు. ఆయమ్మ కర్ర నేలకేసి కొట్టి బకెట్టు ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఆయన్ని అందరూ కౌంటరబ్బాయి అంటారు. అబ్బాయికి నలభై ఆరేళ్లు. చెవుల మీద జుట్టు నెరిసింది. పెద్ద కూతురికి తండ్రి చెప్పులు సరిపోతున్నాయి. అయినా అబ్బాయే, ఎందుకంటే చేసే పని అలాంటిది: చీటీ ఇవ్వడం, పేరు పిలవడం, ఫోను ఎత్తి "నొప్పేం ఉండదండీ, చీమ కుట్టినట్టు ఉంటుంది" అనడం. పొద్దుట తాళం తీసింది మొదలు ఆ చీమ చేత ఊరందరినీ కుట్టిస్తూనే ఉంటాడు.

ఆయన వెనక ఉన్నది అద్దాల బీరువా. అందులో ఉండాల్సినవి ప్లాస్టరుతో పోసిన పళ్ల అచ్చులు. వాటిని పై అరలోకి తోసేసి కింది అరలన్నీ పుస్తకాలతో నింపాడు. అన్నీ ఒకే జాతి. కోట, కోట మీద మబ్బు, మబ్బులో రెక్కల జంతువు. దాన్ని డ్రాగన్ అనాలని ఎంత చెప్పినా ఆయమ్మ మాత్రం నిప్పులు కక్కే తొండ అనే అంటుంది. తొండ ముదిరి ఊసరవెల్లి అయిందంటే విన్నాం గానీ, రెక్కలు మొలిచిందంటే ఎవడు నమ్ముతాడు? నమ్మేవాళ్లున్నారు. అదే ఆమెకు మండుతుంది. పన్ను పుచ్చి వచ్చినవాళ్లు పుస్తకం పట్టుకుని పోతారు. పన్ను బాగయినవాళ్లు కూడా రెండో భాగం కోసం మళ్లీ వస్తారు.

ఆయన మొహం చూసి పుస్తకం ఇస్తాడట. నాడి చూసి మందిచ్చినట్టు.

ఒకరోజు బడిపంతులమ్మ ఒకావిడ వచ్చింది. రాత్రంతా పళ్లు నూరుతోందట, అరిగిపోయాయట.

"ఇంట్లో అత్తగారు, బళ్లో హెడ్మాస్టరండీ. ఇద్దరూ కలిసి కల్లోకి వస్తున్నారు" అంది.

"అయితే మీకు 'నీడలమ్మేవాడు'. ఒక్కటే పుస్తకం, భాగాల గొడవ లేదు. అందులో ఊళ్లోవాళ్లంతా తమ నీడల్ని అమ్మేసుకుంటారు. ఇక ఎవరి నీడా ఎవరి మీదా పడదు."

"అత్తగారి నీడ కూడానా?"

"ముందు అమ్ముడుపోయేది అదేనండీ."

పంతులమ్మ మురిసిపోతూ తీసుకెళ్లింది. ఇంకొకతను గుమాస్తా, నిద్ర పట్టదన్నాడు. అతనికి 'ఉప్పుదారి' ఇచ్చాడు. అందులో నలుగురు మనుషులు నడుస్తూనే ఉంటారట, రెండో భాగం అయ్యేసరికి దూరాన కొండ కనిపిస్తుందట.

"అంత నడిచే బదులు బస్సెక్కి చావొచ్చుగా" అంది ఆయమ్మ, కుర్చీల కింద చీపురు తోస్తూ.

"బస్సెక్కితే కథ అయిపోతుంది ఆయమ్మా."

"అయిపోతే పోనీ. ఎవడేడ్చాడు?"

ఆయన నవ్వాడు. తిడితే నవ్వే మనిషిని చూస్తే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

"పెద్దయ్యాక వచ్చే ఒత్తిడి పెద్దదేం కాదు ఆయమ్మా. అన్నీ చిన్నచిన్నవే. నీళ్ల మోటారు చెడిపోతుంది, ఆఫీసులో ఎవడో ఒక మాట అంటాడు, పిల్లకి లెక్కలు రావు. పంటి సందుల్లో ఇరుక్కున్న పీచులాంటివి. కాసేపు వేరే లోకంలోకి వెళ్లొస్తే..."

"పీచు ఇరుక్కుంటే పుల్లతో తీసుకుంటారు నాయనా. వేరే లోకానికి వెళ్లరు."

ఆయమ్మ చదివింది తక్కువే. అక్షరాలు కూడబలుక్కుంటే మాట వస్తుంది, మాటలు కూడబలుక్కుంటే వాక్యం వస్తుంది, అప్పటికి మొదటి మాట మర్చిపోతుంది. అయినా ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు ఆ పుస్తకాల్లో ఒకటి తెరిచి, వేలు పెట్టి ఒక పేజీ అంతా చదివింది. తెలియకుండా తిట్టిందన్న మాట ఆమె పడదు. ఆ పేజీలో ఒక కోట. కోటలో మూడొందల గదులు. ప్రతి గదికీ పాలరాతి నేల. ఎవరు తుడుస్తారో రాయలేదు! పేజీ తిప్పింది. అక్కడా లేదు. మంత్రగాడొకడు వెయ్యేళ్ల నుంచి బతికే ఉన్నాడు, నోట్లో పళ్లన్నీ ముత్యాల్లా ఉన్నాయి. పుస్తకం ఠపీమని మూసేసింది. వెయ్యేళ్లు నమిలినా పుచ్చని పళ్లు, తుడవకపోయినా మెరిసే నేల! ఇవి రాసినవాడు ఒక్కనాడు చీపురు పట్టలేదు, ఒక్కనాడు పన్ను నొప్పి పడలేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అన్నారా?

ఇక ఇంట్లో ఆయన సంగతి భార్య నోటే విన్నది. ఆవిడ బస్సు కండక్టరు. డ్యూటీ దిగి ఒకసారి ఆసుపత్రికి వచ్చి, బెంచీ మీద కూలబడి చెప్పుకుంది.

"లోపల గ్యాసు అయిపోయింది, చిన్నదానికి జ్వరం, వాళ్లమ్మగారు మోకాలు అని మూలుగుతోంది. ఈయనేమో తలుపు తట్టకుండా బయట మెట్ల మీద కూర్చుని కోట ముట్టడిస్తున్నాడు ఆయమ్మా! అధ్యాయం అయ్యాక లోపలికి వస్తాడట."

"తలుపు తీసి ఒక చెంబుడు నీళ్లు కుమ్మరించలేకపోయావా తల్లీ?"

"కుమ్మరించా. పుస్తకాన్ని చొక్కాలోకి దోపుకున్నాడు."

అలాంటి మనిషి గుట్టు బయటపడింది ఒక మాట వల్ల.

లారీలవాడి గొడవ అయ్యాక డాక్టరమ్మ ఒక రూలు పెట్టింది. ఇకమీదట మన దగ్గర ఎవరూ "పీకడం" అనకూడదు, జనం బెదిరిపోతున్నారు, "తీయడం" అనాలి. కౌంటరబ్బాయి తలూపాడు. ఆయమ్మ ఊపలేదు.

"మేకు పీకుతారు, కలుపు పీకుతారు, పన్నూ పీకుతారు. తీయడానికి అదేమన్నా అరలో బోర్లించిన గిన్నెనా?" అంది. డాక్టరమ్మ చిన్నది, ఆయమ్మ కూతురి వయసు. లోపలికి వెళ్లిపోయింది.

ఆయమ్మ మాట మార్చుకోలేదు. అంటూనే ఉంది. అలా అంటుండగానే గమనించింది: ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా కౌంటరబ్బాయి కుడిచెయ్యి లేచి కుడిదవడ దగ్గరకు పోతోంది. తాడు కట్టి లాగినట్టు. మొదట అలవాటనుకుంది. తర్వాత పరీక్ష పెట్టింది. ఆయన చీటీలు రాస్తుంటే పక్కన నిలబడి "ఇవాళ ఎంతమందికి పీకారో" అంది. చెయ్యి లేచింది. టీ తాగుతుంటే "పీకిన పళ్ల డబ్బా నిండిపోయింది" అంది. టీ ఒలికింది. ఆ టీ కూడా ఆయన చల్లార్చుకుని, మెడ ఎడమవైపుకు వంచి, కాకి నీళ్లు తాగినట్టు తాగుతాడు. రొట్టె ఒకవైపే నములుతాడు. దగ్గరకు వెళితే లవంగాల వాసన.

"ఎన్నాళ్ల నుంచి?" అని అడిగింది.

"ఏది ఆయమ్మా?"

"పన్ను."

"ఏ పన్ను? ఇంటి పన్ను పోయిన నెలే కట్టేశాం."

"దవడ పగలగొడతాను. లవంగం నోట్లో పెట్టుకుని నాతో వేళాకోళమా? చూపించు."

ఆయన చుట్టూ చూసి, నోరు కొద్దిగా తెరిచాడు. లోపల కుడివైపు కింది దవడ పన్ను నల్లగా, సగం విరిగి, కాలిన కట్టెలా ఉంది. చుట్టూ చిగురు వాచి ఉంది.

పళ్ల ఆసుపత్రిలో పనిచేస్తూ, పళ్ల డాక్టరుకు పదడుగుల దూరంలో కూర్చుని, పుచ్చుపన్ను దాచుకున్నవాడు! అన్నదానం జరిగేచోట పస్తున్నవాడిలా. ఆయమ్మకు జాలి కలగలేదు. నవ్వు కూడా రాలేదు.

"డాక్టరమ్మకు చెప్పావా?"

"చెప్పాను. చూసింది. తీసేయాల్సిందే అంది. చీము కిందికి దిగి మెడలోకి పోతే పెద్దాసుపత్రికి వెళ్లాలట, బయటినుంచి దవడ కోస్తారట."

"మరి?"

"రోజూ చివరి చీటీ నాకే రాసుకుంటున్నాను."

"రాసుకుని?"

ఆయన తర్వాతి పేరు పిలిచాడు. చెప్పనక్కర్లేకపోయింది. ఆ సాయంత్రం ఆయమ్మే చూసింది. అందరూ అయిపోయాక ఆయన తన చీటీ చేతిలో పట్టుకుని లేచాడు. సరిగ్గా అప్పుడు ఒక ముసలాయన గుమ్మంలో నిలబడ్డాడు. "అయ్యో, రండి రండి, నొప్పితో వచ్చారు పాపం, నా చీటీ తీసుకోండి" అని చేతిలో పెట్టేశాడు. ముసలాయన నూరేళ్లు బతకమని దీవించాడు. మర్నాడు పిల్లాడితో వచ్చిన ఒక తల్లి. ఆ మర్నాడు ఎవరూ రాలేదు. ఆయనే వీధిలోకి వెళ్లి అటూ ఇటూ చూసి, పక్క మందుల షాపులో దగ్గు మందు కొంటున్న మనిషిని "మీ పళ్లు ఒకసారి చూపించుకోండి, మంచిది" అని పట్టుకొచ్చాడు.

ఊళ్లో ఆయనకు మంచి పేరు వచ్చింది. తన వంతు కూడా ఇచ్చేసే మనిషట. దేవుడట. ఆయమ్మ ఆ మాట విని తుడిచే గుడ్డను మెడ విరిచినట్టు పిండింది. అది దయ కాదు, దానం కాదు, పిరికితనం. పిరికితనానికి ఇస్త్రీ చేసి తొడిగితే దయలా కనిపిస్తుంది, అంతే.

"ఇన్నేళ్ల నుంచి ఆ గుమ్మం దగ్గరే ఉన్నాను ఆయమ్మా" అన్నాడు ఆమె నిలదీస్తే. "లోపలికి వెళ్లినవాడికి తన కేక ఒక్కటే తెలుస్తుంది. నాకు అందరి కేకలూ తెలుసు."

"మరి చీమ కుట్టినట్టుంటుందని అందరికీ చెబుతావు?"

"వాళ్లు నమ్ముతారు కాబట్టి."

"ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోవడానికి అన్నారు. నీకు రాయి కూడా కాదు, మత్తుసూది, మెత్తటి కుర్చీ, చదువుకున్న డాక్టరమ్మ. నాకు పీకినప్పుడు బోర్లించిన బకెట్టు మీద కూర్చోబెట్టి పట్టకారుతో పీకారు. లేచి వెళ్లి అంట్లు తోముకున్నాను."

ఆయన చెయ్యి దవడ దగ్గరకు పోయింది.

మర్నాడు ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుని వచ్చాడు. జలుబట. మధ్యాహ్నానికి గుడ్డ చాలలేదు, వాపు చెవి దాకా పాకింది. కన్ను సగం మూసుకుపోయింది. పేరు పిలవబోతే మాట బయటికి రాక, వేలితో చూపించాడు. భోజనాల వేళకు డాక్టరమ్మ బయటికి వచ్చింది. వీధి తలుపు మూసి గడియ పెట్టింది.

"ఇప్పుడు చీటీ ఇవ్వడానికి ఎవరూ లేరు. లోపలికి రండి. జ్వరం కూడా వచ్చింది మీకు. ఇవాళ తీయనివ్వకపోతే సాయంత్రం నేనే పెద్దాసుపత్రికి చీటీ రాస్తాను."

ఆయన బీరువా ముందు నిలబడ్డాడు. ఊరందరికీ క్షణంలో పుస్తకం తీసిచ్చే చెయ్యి తనకోసం అర అర వెతికింది. 'ఉప్పుదారి' తీశాడు, పెట్టేశాడు. 'నీడలమ్మేవాడు' తీశాడు, పెట్టేశాడు. చివరికి తొండ బొమ్మది ఒకటి చంకలో పెట్టుకుని లోపలికి వెళ్లి, కుర్చీలో పడుకుని, దాన్ని మొహానికి అడ్డంగా విప్పుకున్నాడు.

"పుస్తకం తీయండి. నోరు కనపడాలి నాకు" అంది డాక్టరమ్మ.

తీశాడు. సూది చూశాడు. లేచి నిలబడ్డాడు. డాక్టరమ్మ భుజం పట్టి కూర్చోబెట్టింది. మళ్లీ లేచాడు.

"పనిచేయట్లేదు" అన్నాడు గుమ్మంలో ఉన్న ఆయమ్మ వైపు తిరిగి, వాచిన నోటితో. "అన్నీ చదివేసినవే. ఎవడెక్కడ గెలుస్తాడో తెలుసు. ఒక్క ముక్క తలకెక్కట్లేదు."

దాంతో ఆయమ్మ కట్ట తెగింది. ఎన్నాళ్లుగానో పంటి బిగువున పట్టుకున్నదంతా ఒక్కసారి వదిలేసింది.

"తాను దూర సందు లేదు, మెడకో డోలు! ఊరందరికీ ధైర్యం పంచావు కదరా, నీకు చారెడు మిగుల్చుకోలేకపోయావా? రెక్కల తొండని చూసి బెదరనివాడివి వేలెడు సూదిని చూసి బెదురుతావా? నీ పెళ్లాం జనంతో కిక్కిరిసిన బస్సులో నిలబడి నలుగురు తాగుబోతుల్ని దించి వస్తుంది, నువ్వు మెట్ల మీద కూర్చుని కోటలు పడగొడతావు! ఏ కోటరా? తుడిచే దిక్కులేని కోట! వెయ్యేళ్ల మంత్రగాడట, పన్ను పుచ్చదట! వాడు నీలాగా పొద్దస్తమానం బెల్లం ముక్క చప్పరిస్తూ పేజీలు తిప్పి ఉంటే తెలిసేది! పోయినవారం ఆ దగ్గు మందు మనిషిని ఎత్తుకొచ్చావే, వాడి నోట్లో ఒక్క పన్ను లేదు, కట్టుడు పళ్లు! కట్టుడు పళ్లవాడికి కూడా చీటీ ఇచ్చిన మహానుభావుడివి! నవ్వాలో ఏడవాలో తెలియక డాక్టరమ్మ ఆ కట్టుడు పళ్లు కడిగి ఇచ్చి పంపింది..."

ఊపిరి తీసుకోవడానికి ఆగింది.

డాక్టరమ్మ ఖాళీ సూదిని ట్రేలో పెడుతోంది. కౌంటరబ్బాయి ఎప్పుడు కూర్చున్నాడో ఏమో, కుర్చీలో వెనక్కి వాలి, నోరు తెరిచి, ఆయమ్మ మొహంలోకే చూస్తున్నాడు. ట్రేలో చప్పుడైనప్పుడు మాత్రం అటు తిరిగాడు. సూది వైపు చూశాడు. తన దవడ తాకి చూసుకున్నాడు.

"ఎప్పుడు చేశారు?"

"కోటలు తుడిచేటప్పుడు మొదలుపెట్టాను" అంది డాక్టరమ్మ. "కాసేపట్లో మొద్దుబారుతుంది. తర్వాత తీయడమే."

ఆయన చూపు పక్కనున్న పట్టకారు మీద పడింది. వేళ్లు కుర్చీ చేతుల్ని పట్టుకున్నాయి. ఒక కాలు కిందికి జారి నేలను వెతికింది. ఆయమ్మకు అర్థమైంది, మళ్లీ లేవబోతున్నాడు. చెప్పాల్సింది చెప్పేసింది కాబట్టి, ఛీ అనుకుని బకెట్టు అందుకుని వెనక్కి తిరిగింది.

"ఆయమ్మా."

"ఇంకేంటి?"

"బకెట్టు అక్కడ పెట్టండి. ఆ స్టూలు లాక్కుని ఇక్కడ, నాకు కనపడేట్టు కూర్చోండి." సగం మొద్దుబారిన పెదవితో మాటలు అటూ ఇటూ జారిపోతున్నాయి, అయినా ఒక్కొక్కటీ పట్టుకుని చెప్పాడు. "డాక్టరమ్మ పని అయ్యేదాకా నన్ను తిట్టండి. నన్నూ, నా పుస్తకాల్నీ, మా ఇంటినీ, ఏది గుర్తొస్తే దాన్ని. గట్టిగా తిట్టండి. నేను కేక పెట్టినా, కళ్లనీళ్లు పెట్టుకున్నా సరే, జాలిపడి మధ్యలో మాత్రం ఆపకండి."